తుప్పు పట్టిన ఎల్బోకి వెల్డింగ్ పెట్టించవచ్చా?

ప్రశ్న: అన్నయ్యగారూ, నమస్తే. మాది గుంటూరు. మావారూ, మా మరిదీ కలిసి ఒక పాత ఫ్యామిలీ మోటారు బోటు కొన్నారు. మెర్‌క్రూయిజర్ 4.3 లీటర్ల వీ6 పెట్రోలు ఇంజిన్, వెనక ప్రొపెల్లర్ తిప్పే ఆల్ఫా డ్రైవ్. ముందున్న ఓనరు గోవాలో సముద్రం మీద కొన్నేళ్లు తిప్పారట. ఇప్పుడు ఉండవల్లి దగ్గర మా చినమామయ్యగారి తోటలో ట్రైలర్ మీద ఉంది. ఈమధ్య ఇంజిన్ మూత తీసి చూస్తే కుడివైపు ఎల్బో (ఇంజిన్ పొగ పోయే ఇనుప వంపు గొట్టం) కింద తుప్పు చార కనిపించింది, దాని మీద రంగు పొంగి పెచ్చులు ఊడుతోంది. ఆ వైపు రబ్బరు పైపు దగ్గర కాలిన వాసన. వారం ఆగి స్టార్ట్ చేస్తే ఇంజిన్ ఒక్కసారి పట్టేసినట్టు ఆగి, మళ్లీ కొడితే అందుకుంది, కాసేపు వణికింది. అప్పుడే అందరం నది మీద ఒక చుట్టు తిరిగొచ్చాం. వెనక సీట్లో కూర్చున్న మా చిన్నవాడికి తలనొప్పి వచ్చి వాంతి చేసుకున్నాడు, ఎండ దెబ్బ అనుకున్నాం. మెకానిక్ వెల్డింగ్ పెడితే చాలంటున్నాడు. మా మరిది కుడివైపు ఒక్కటీ మారుద్దామంటున్నాడు. కార్తీకంలో ఈ బోటు మీదే వనభోజనాలకు వెళ్లాలని అందరి సరదా. నాకైతే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు చిన్నవాడి తలనొప్పి సంగతి. ఇంజిన్ గురించి తర్వాత మాట్లాడుకుందాం.

అది ఎండ దెబ్బే అయ్యుండొచ్చు. కానీ ఎగ్జాస్ట్ లీకవుతున్న పెట్రోలు బోటులో, ఇంజిన్‌కు ఆనుకుని ఉన్న వెనక సీట్లో కూర్చున్న పిల్లవాడికి తలనొప్పి, వాంతి అంటే ముందుగా అనుమానించాల్సింది పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుని. దానికి రంగు ఉండదు, వాసన ఉండదు. బరువు కూడా దాదాపు గాలంతే కాబట్టి పైకీ పోదు, కిందికీ దిగదు, గాలిలో కలిసి అక్కడే తిరుగుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. మొదట తల బరువెక్కుతుంది, కడుపులో తిప్పుతుంది, మగతగా ఉంటుంది. పడవ మీద ఇవన్నీ ఎండ వల్లనో, నీళ్ల ఊపు వల్లనో అనుకుని వదిలేస్తారు. ప్రమాదం అక్కడే ఉంది. ఇంకో విషయం, కరోనా రోజుల్లో అందరం కొనుక్కున్న వేలి ఆక్సీమీటరు దీన్ని పట్టుకోలేదు. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తం కిందే లెక్కేసి, మంచి అంకె చూపిస్తుంది. ఆ చక్కర్లో ఇంకెవరికైనా అలా అనిపించిందేమో ఇంట్లో అడగండి. చిన్నవాడికి ఇంకా నలతగా ఉంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఎగ్జాస్ట్ లీకున్న బోటులో కూర్చున్నాడని నోరు తెరిచి చెప్పండి. ఆ మాట చెప్పకపోతే వాళ్లకు తట్టే అవకాశం తక్కువ.

అమెరికాలో పావెల్ సరస్సు మీద 2000 ఆగస్టులో ఇద్దరు అన్నదమ్ములు, చిన్నపిల్లలు, ఇలాగే చనిపోయారు. హౌస్‌బోటు జనరేటర్ పొగ వెనక మెట్టు కింది ఖాళీలో పేరుకుంది, పిల్లలు ఈదుతూ అందులోకి వెళ్లారు. బయట ఆరుబయలు, చుట్టూ బోలెడు గాలి. అయినా జరిగింది. ఆ తర్వాతే అక్కడ బోట్ల పొగ మీద గట్టిగా పరిశోధన మొదలైంది. భయపెట్టడానికి చెప్పడం లేదమ్మా. "పైకప్పు లేని పడవలో పొగ ఏం చేస్తుందిలే" అని మీ ఇంట్లో ఎవరైనా అంటే చెప్పడానికి.

కాబట్టి మొదటి మాట: ఈ పని పూర్తయ్యేదాకా ఆ ఇంజిన్ స్టార్ట్ చేయవద్దు. "చూద్దాం, ఒక్కసారి" అని కూడా కొట్టవద్దు. దానికి రెండో కారణం ఉంది. మీరు రాసిన "పట్టేసినట్టు ఆగింది" అన్న ముక్క.

కారు సైలెన్సర్‌కూ దీనికీ ఉన్న తేడా ఇక్కడే అర్థం చేసుకోవాలి. కారులో సైలెన్సర్ చిల్లుపడితే శబ్దం వస్తుంది, పొగ వస్తుంది, అంతే. బోటులో సిలిండర్ల పొగను పోగుచేసే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, దాని మీదుండే ఎల్బో రెండూ రెండేసి గోడల పోత ఇనుము. లోపలి గోడ మధ్య నుంచి మండే పొగ పోతుంది. లోపలి గోడకీ బయటి గోడకీ మధ్య చల్లబరిచే నీళ్లు తిరుగుతాయి. ఎల్బో వంపు దాటాక ఆ నీళ్లూ పొగా కలిసిపోయి, రబ్బరు పైపులోంచి, రెండు వైపులనూ కలిపే వై పైపులోకి, అక్కడి నుంచి డ్రైవ్ గుండా ప్రొపెల్లర్ మధ్య నుంచి నదిలోకి పోతాయి. నీళ్లు కలవబట్టే పొగ చల్లబడి రబ్బరు పైపు కాలకుండా ఉంటుంది. ఒకపక్క నిప్పు, ఇంకోపక్క ఉప్పునీళ్లు, మధ్యలో పోత ఇనుము. పైగా ఇంజిన్ ఆపిన తర్వాత నీళ్లు కొంత జారిపోయి తడి ఇనుముకు గాలి తగులుతుంది. తుప్పుకు అంతకంటే ఏం కావాలి? ఉప్పునీళ్లలో తిప్పే బోటుకు ఐదారేళ్లకు ఒకసారి వీటిని మార్చేయాలని ఈ పని తెలిసినవాళ్లందరూ అనుకునే లెక్క. మంచినీళ్లలో చాలా ఎక్కువ కాలం వస్తాయి. మీ బోటు ఇప్పుడు కృష్ణలో తిరుగుతున్నా, దాని ఇనుము తిన్నది గోవా ఉప్పు.

మీకు బయట కనిపించిన చార బయటి గోడదో, కీలు మధ్య లీకు ఆపడానికి పెట్టే గ్యాస్కెట్‌దో. అది అదృష్టమే, కనీసం కనిపించింది. కనిపించనిది లోపలి గోడ. దానికి సూదిమొన అంత చిల్లు పడినా ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు నీళ్లు బొట్టు బొట్టుగా పొగదారిలోకి కారి, తెరిచి ఉన్న ఎగ్జాస్ట్ వాల్వు గుండా సిలిండర్‌లోకి దిగుతాయి. గాలిని పిస్టన్ నొక్కగలదు గానీ నీళ్లను నొక్కలేదు. వారం ఆగి సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ పట్టేసిందంటే, ఆ సిలిండర్‌లో నీళ్లున్నాయని అనుమానించాలి. అలా పట్టేసినప్పుడు మళ్లీ మళ్లీ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అప్పుడిక ఖర్చు ఎగ్జాస్ట్‌ది కాదు, ఇంజిన్‌ది.

అందుకని సామాను ఆర్డర్ పెట్టే ముందు ఇంజిన్ బతికే ఉందో లేదో చూడాలి. ఆరు స్పార్క్ ప్లగ్గులూ విప్పించి, ఏ సిలిండర్‌ది ఏదో వరసగా పాత పేపరు మీద పెట్టించండి. కుడివైపు ప్లగ్గుల్లో ఏదైనా తుప్పు రంగులో ఉందా, తడిగా ఉందా చూడండి. తర్వాత ఇగ్నిషన్ కాయిల్ కనెక్షన్ పీకేసి, ఇంజిన్ గదిలో పెట్రోలు వాసన లేదని ఖాయం చేసుకుని, సెల్ఫ్ కొద్దిగా కొడితే, నీళ్లుంటే ప్లగ్గు రంధ్రంలోంచి చిమ్ముతాయి. మొహం దగ్గర పెట్టుకోవద్దని చెప్పండి. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఉంటే నీళ్లు కిందికి కూడా దిగాయి. నీళ్లు చిమ్మినా, ఆయిల్ ఆ రంగులో ఉన్నా, అదే రోజు ఆయిల్, ఫిల్టరు మార్చి, సిలిండర్లలో కాస్త నూనె పోసి ఇంజిన్‌ను చేత్తో తిప్పి ఉంచాలి. "ఆదివారం చూద్దాం" అంటే ఆదివారానికి రింగులు గోడకు అంటుకుపోతాయి. ఆ తర్వాత కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో, చూపించండి. ఆరు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి బాగా పడిపోతే ఆ కబురు వేరు, ఎగ్జాస్ట్ మీద డబ్బు పెట్టే ముందే తెలుసుకోవడం మంచిది. చలిదేశాల్లో అయితే శీతాకాలంలో నీళ్లు గడ్డకట్టి ఇంజిన్ బ్లాకే పగులుతుంది. మనకూ గోవాకూ ఆ బాధ లేదు. కాబట్టి మీ కేసులో నీళ్లు వచ్చాయంటే నా అనుమానం తొంభై పాళ్లు ఎగ్జాస్ట్ మీదే.

ఇక వెల్డింగ్. విజయవాడ ఆటోనగర్ పనివాళ్ల చేతి మీద నాకు చాలా గౌరవం. లారీ ఛాసిస్ నుంచి గేర్‌బాక్స్ దాకా వాళ్లు నిలబెట్టని బండి లేదు. కానీ ఈ పని వాళ్లకు ఇవ్వకండి. పోత ఇనుముకు వెల్డింగ్ పెట్టాలంటేనే ముందు వేడి చేయాలి, నికెల్ రాడ్ వాడాలి, మెల్లగా చల్లార్చాలి, లేకపోతే టాకా పక్కనే కొత్త పగులు వస్తుంది. అదంతా పద్ధతిగా చేసినా, వాళ్లు టాకా వేసేది బయటి గోడకు. లోపలి గోడ ఎంత పలచబడిందో ఎవరికీ కనిపించదు. పాత ఎల్బో విప్పిన రోజు దాన్ని వెలుతురు వైపు తిప్పి లోపలికి చూడండి. నీళ్ల దారి ఉండాల్సిన చోట తుప్పు పొరలు పొరలుగా పేరుకుని సందు మూసుకుపోయి ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో గీకితే అరచేయంత పెచ్చులు రాలతాయి. రబ్బరు పైపు దగ్గర మీకొచ్చిన కాలిన వాసనకు కారణం బహుశా అదే. నీళ్లు సరిగా రాక పొగ వేడి నేరుగా రబ్బరు మీద పడుతోంది. దానికి బయట ఎన్ని టాకాలు వేసినా ఏం లాభం?

కొందరు లీకు మీద ఎం-సీల్ పూసి రంగు కొడతారు. అది మాయ చేయడమే. ఇంకొందరు స్టెయిన్‌లెస్ స్టీలుతో ఎల్బో చేయించుకుందామంటారు. వినడానికి బాగుంటుంది కానీ ఎల్బో లోపల నీళ్లు ఎక్కడ, ఎంత ఎత్తులో పొగతో కలవాలో ఒక లెక్క ఉంది. ఆ ఎత్తు తగ్గితే నీళ్లు వెనక్కి, ఇంజిన్‌లోకే జారతాయి. బయట ఆకారం చూసి కొట్టిన నకలులో ఆ లెక్క రాదు. సెకండ్ హ్యాండ్ మానిఫోల్డ్ కూడా వద్దు. మీ పాతదాని లోపల ఏముందో మీకు కనిపించనట్టే, ఎవరో విప్పి అమ్మినదాని లోపలా కనిపించదు.

మీ మరిది గారి మాట, కుడివైపు ఒక్కటే చాలన్నది. ఆయన ఖర్చు తగ్గించాలని అంటున్నారు, అర్థమైంది. కానీ రెండు వైపులా ఒకే ఏడాది పోత, ఒకే ఉప్పునీళ్లు తాగాయి. కుడివైపు పోయిందంటే ఎడమవైపుకు ఎంతో వ్యవధి లేదు. పైగా బరువైన ఇనుము తెప్పించుకోవడానికే రవాణా, కస్టమ్స్ కలిపి చాలా అవుతుంది, రెండుసార్లు తెప్పిస్తే రెండుసార్లు అవుతుంది. రెండు మానిఫోల్డులు, రెండు ఎల్బోలు, గ్యాస్కెట్లు, కొత్త బోల్టులు, రబ్బరు పైపులు, క్లిప్పులు అన్నీ ఒకే ఆర్డరులో పెట్టండి. నిజంగా ఎక్కడైనా తగ్గించాలనుకుంటే కొత్త మ్యూజిక్ సిస్టమ్, సీటు కవర్ల దగ్గర తగ్గించండి.

ఆర్డర్ పెట్టే ముందు ఇంజిన్ సీరియల్ నంబరు ఫోటో తీసుకోండి. 4.3 అని చెబితే సరిపోదు. ఈ ఇంజిన్ చాలా ఏళ్లు తయారైంది, మధ్యలో ఎగ్జాస్ట్ డిజైన్ మారింది. పాతవాటిలో మానిఫోల్డ్‌కూ ఎల్బోకూ మధ్య కీలు దగ్గర పొగా నీళ్లూ ఒకే గ్యాస్కెట్ గుండా పక్కపక్కనే పోతాయి. దీన్ని వెట్ జాయింట్ అంటారు, గ్యాస్కెట్ ఒక అంగుళం పోయినా నీళ్లు పొగదారిలోకి వచ్చేస్తాయి. 2000ల్లో వచ్చిన డ్రై జాయింట్‌లో నీళ్ల దారిని పొగ దారికి దూరంగా పక్కకు జరిపారు. అక్కడ లీకైతే నీళ్లు బయటికి కారతాయి, ఇంజిన్‌లోకి కాదు. ఒకదాని మానిఫోల్డ్‌కి ఇంకోదాని ఎల్బో పడదు. కంపెనీ వాళ్ల సొంత క్విక్‌సిల్వర్ సామాను ఉంది, బార్ లాంటి బయటి కంపెనీలవీ ఉన్నాయి. బయటివి చవక, వాటిలో మంచివి బాగానే పనిచేస్తాయి. ఏది కొన్నా మానిఫోల్డ్, ఎల్బో ఒకే తయారీవి తీసుకోండి.

గ్యాస్కెట్ దగ్గర మాత్రం రెండుసార్లు చూసుకోవాలి. ఇంజిన్ మీద కూలెంట్ మూత, పక్కన కూలెంట్ సీసా ఉన్నాయా? ఉంటే అది మూసిన కూలింగ్, లేకపోతే నది నీళ్లే ఇంజిన్ అంతా తిరుగుతాయి. కూలెంటు మానిఫోల్డ్‌లో కూడా తిరిగే బోటుకు, కూలెంటూ నది నీళ్లూ కలవకుండా మధ్యలో మూసేసిన గ్యాస్కెట్ వస్తుంది. నది నీళ్ల ఇంజిన్‌కి రంధ్రాలున్నది వస్తుంది. పొరపాటున మూసినది నది నీళ్ల ఇంజిన్‌కి పెడితే ఎల్బోకు నీళ్లు అందక నిమిషాల్లో కాలిపోతుంది. పాతది తీసినప్పుడు పారేయకుండా, కొత్తదాని మీద పెట్టి రంధ్రాలు కలిపి చూసుకోమనండి. అలాగే గ్యాస్కెట్ మీద సిలికాన్ పేస్టు పూసే అలవాటు ఉన్న మేస్త్రీని ఆపండి. నొక్కినప్పుడు పక్కకు వచ్చిన పేస్టు లోపల నీళ్ల దారిని మూసేస్తుంది.

ఇప్పుడు విప్పడం. బోల్టుల విషయంలో తొందర పనికిరాదు. రెండు మూడు సాయంత్రాలు ముందుగా తీగ బ్రష్‌తో తుప్పు గీకి, తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. ఇంజిన్‌లో, మానిఫోల్డుల్లో ఉన్న నీళ్లు కింది ప్లగ్గులు తీసి వదలండి. నీళ్లు రాకపోతే లేవనుకోకండి, తుప్పు, ఇసుక అడ్డం పడి ఉంటుంది, సన్న తీగతో పొడవండి. పానా వేసినప్పుడు మొదట కొద్దిగా బిగించే వైపు తిప్పి, ఆ తర్వాత విప్పే వైపు తిప్పితే పట్టు వదులుతుంది. అప్పటికీ కదలకపోతే బలం పెట్టకండి. వేడి చేయడం ఒక పద్ధతే కానీ పెట్రోలు ఇంజిన్ గదిలో గ్యాస్ మంట పెట్టనివ్వకండి. హెడ్‌లో బోల్టు విరిగితే మాత్రం ఆటోనగర్ లేత్ పనివాళ్లను పిలవండి. విరిగిన బోల్టు తీసి మర కొత్తగా వేయడంలో వాళ్లకు సాటి లేరు. ముందు ఎల్బో, తర్వాత మానిఫోల్డ్ దించాలి. ఇద్దరు మనుషులు పట్టాలి, ఇంజిన్ పక్క సందులో ఒంటి చేత్తో ఆ బరువు దించబోతే నడుముకు దెబ్బ.

మానిఫోల్డ్ దిగాక టార్చి పట్టుకుని హెడ్‌లోని ఆ మూడు రంధ్రాల్లోకి మీరే చూడండమ్మా. నల్లగా పొడి మసి ఉంటే ఆ సిలిండర్ బాగుంది. ఎర్రటి తుప్పు పొడి, కడిగేసినట్టు తెల్లబడిన చోటు కనిపిస్తే నీళ్లు ఆ దారినే వచ్చాయి. మీరు చార చూశారు, వాసన పట్టారు, వణుకు గమనించారు. ఇది కూడా మీ కంటికే ముందు కనిపిస్తుందని నా నమ్మకం.

హెడ్ ముఖాన్ని బ్లేడుతో శుభ్రంగా గీకి, ఇనుప స్కేలు నిలబెట్టి సందు లేదని చూసుకుని కొత్తవి ఎక్కించాలి. బోల్టులు మధ్య నుంచి మొదలుపెట్టి అటూ ఇటూ, రెండు మూడు విడతల్లో, మాన్యువల్‌లో ఆ బోల్టుకు రాసిన అంకెకే టార్క్ రెంచ్‌తో బిగించాలి. "చేతి అంచనా" ఇక్కడ చెల్లదు. ఎక్కువైతే పోత పగులుతుంది, తక్కువైతే పొగ తోస్తుంది.

ఇంత పని పెట్టుకున్నాక పొగ దారి చివరిదాకా చూడకుండా మూత వేయకండి. ఎల్బో కింద రబ్బరు పైపులు ఒకసారి కాలాయి కాబట్టి బయటికి బాగున్నట్టు కనిపించినా లోపలి పొర ఊడి ఉంటుంది. కొత్తవి మెరైన్ ఎగ్జాస్ట్ పైపులే కావాలి. లారీ రేడియేటర్ పైపు సైజు సరిపోతుంది కదా అని ఎవరైనా తెస్తే తిప్పి పంపేయండి, అది ఈ వేడికి పనికిరాదు. ఒక్కో చివర రెండేసి స్టెయిన్‌లెస్ క్లిప్పులు. వై పైపు లోపల రెండు రబ్బరు మూతలు వేలాడుతుంటాయి, ఫ్లాపర్లు అంటారు. బోటు ఒక్కసారి ఆపినప్పుడు వెనక నుంచి వచ్చే అల ఎగ్జాస్ట్‌లోకి ఎక్కకుండా ఆపేవి అవే. చిన్న వస్తువు, ధర తక్కువ, కానీ అది ఎండిపోయి విరిగితే అల నీళ్లు కొత్త మానిఫోల్డ్ దాకా వస్తాయి, లేదా విరిగిన ముక్క దారికి అడ్డం పడుతుంది. డ్రైవ్ విప్పినప్పుడే అక్కడుండే మడతల రబ్బరు తొడుగులు, అంటే ఎగ్జాస్ట్ బెల్లోస్, యూ-జాయింట్ బెల్లోస్, గేరు కేబుల్ బెల్లోస్ మార్పించేయండి. యూ-జాయింట్ బెల్లోస్ చిరిగితే నది నేరుగా బోటులోకే వస్తుంది.

ఆల్ఫా డ్రైవ్‌లో నీళ్లు లాగే ఇంపెల్లర్ డ్రైవ్ లోపలే ఉంటుంది. దాన్నీ మార్చండి. పాతదాని రెక్కలు లెక్కపెట్టమనండి. ఒకటి తక్కువైతే ఆ ముక్క ఎక్కడో పైపులో ఇరుక్కుని ఉంటుంది, వెతికి తీయాలి. మన కృష్ణలో రెండు శత్రువులున్నాయి. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు అడుగు ఇసుకను డ్రైవ్ లాక్కుంటుంది, అది మానిఫోల్డ్ అడుగున పేరుకుంటుంది. ఇంకోటి గుర్రపుడెక్క. డ్రైవ్ పక్కన జల్లెడ లాంటి నీళ్ల ద్వారానికి దాని వేళ్లో, ఒక పాలిథీన్ కవరో అంటుకుంటే చాలు, నీళ్లు ఆగిపోతాయి. అందుకే అప్పుడప్పుడు కింది ప్లగ్గులు తీసి ఇసుక వదలాలి, గుర్రపుడెక్క మందంగా ఉన్న రేవుల్లోకి ఇంజిన్ మీద వెళ్లకూడదు.

ఈ పనిలో మీ మెకానిక్ స్టార్టర్, ఆల్టర్నేటర్ కూడా పాతవైపోయాయి, కారువి పెట్టేద్దాం అంటే ఒప్పుకోకండి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. మెరైన్ వాటిలో నిప్పురవ్వ బయటికి రాకుండా కట్టుదిట్టం ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, బోటు అడుగున చేరి ఉంటుంది, మన విజయవాడ ఎండలకు మరీ. ఒక్క రవ్వ చాలు. అదే కారణంతో ప్రతిసారీ స్టార్ట్ చేసే ముందు మూత తీసి వాసన చూడటం, ఇంజిన్ గదిలోని ఆవిరిని బయటికి తోసే బ్లోయర్ కనీసం నాలుగు నిమిషాలు తిప్పడం మీ ఇంటి రూలు చేసుకోండి.

మొదటి స్టార్టు తోటలోనే, ట్రైలర్ మీద. డ్రైవ్ నీళ్ల ద్వారాలకు రెండు వైపులా రబ్బరు కప్పులు తగిలించి, పంపు పైపుతో నీళ్లు వదిలాకే సెల్ఫ్ కొట్టాలి. నీళ్లు లేకుండా తిప్పితే కొత్త ఇంపెల్లర్ క్షణాల్లో మాడిపోతుంది. స్లోలోనే ఉంచండి, రేసు చేయకండి. గురిపెట్టి వేడి చూపించే థర్మామీటర్ ఒకటి కొనండి. నుదుటి జ్వరం చూసేది పనికిరాదు, దాని అంకెలు అంతదాకా వెళ్లవు, వర్క్‌షాపుల్లో వాడేది కావాలి. రెండు ఎల్బోలనూ ఒకే చోట గురిపెట్టి చూడండి. రెండూ దగ్గరగా ఉండాలి. ఒకటి బాగా వేడెక్కుతుంటే ఆ వైపు నీళ్లు సరిగా రావడం లేదు, వెంటనే ఆపేయండి. ప్రతి కీలు చుట్టూ పొడి టిష్యూ కాగితం తిప్పండి, ఎక్కడ చెమ్మ ఉన్నా తేలిపోతుంది. పూర్తిగా చల్లారాక బోల్టులు మరోసారి అదే టార్క్‌కి చూడాలి.

కార్తీక వనభోజనాల సంగతి. పని కార్తీకం లోపల పూర్తయి, నేను చెప్పిన పరీక్షలన్నీ నిలబడితే సరే. లేకపోతే ఈ ఏడాది ఆ బోటు మీద వద్దు. ఉసిరిచెట్టు మీ చినమామయ్యగారి తోటలోనే ఉంటే అక్కడే వండుకోండి. 2017 నవంబరు 12, కార్తీకమాసం ఆదివారం, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. అది ఎగ్జాస్ట్ వల్ల కాదు, అనుమతి లేని పడవ, ఎక్కువమంది జనం, ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవు. అయినా ఆ రోజు విజయవాడలో ఉన్నవాళ్లెవరికీ సరదా ప్రయాణం మాట తేలిగ్గా రాదు. మీ బోటు ఉండేది ఉండవల్లి, అంటే ప్రకాశం బ్యారేజీకి ఎగువన. గేట్లు ఎత్తి ఉన్నప్పుడు ఇంజిన్ ఆగిపోతే ప్రవాహం మిమ్మల్ని తీసుకెళ్లేది గేట్ల వైపే. 2024 సెప్టెంబరు 1న వరదలో కొట్టుకొచ్చిన పడవలు గేట్లకు గుద్దుకుని గేట్ల బరువుకు సరితూగేలా కట్టిన అంతలావు కౌంటర్ వెయిట్లనే దెబ్బతీశాయి. అలాంటి చోట నమ్మకం లేని ఇంజిన్‌తో పిల్లల్ని ఎక్కించుకోవడం కుదరదు.

2021 ఇన్‌లాండ్ వెస్సెల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ కాగితాలు గోవా ఓనరు పేరు నుంచి మారాయో లేదో కూడా చూసుకోండి. మార్చిన సామాను బిల్లులు, పాత ఎల్బోల ఫోటోలు దాచి ఉంచితే సర్వే వాళ్లకు చూపించడానికి పనికొస్తాయి.

నది మీద మొదటి చక్కర్ పెద్దవాళ్లు ఇద్దరే వెళ్లాలి, జాకెట్లు వేసుకుని, లంగరు తాడుతో సహా సిద్ధంగా పెట్టుకుని, గేట్లు మూసి నీళ్లు నిలకడగా ఉన్న రోజు, ఎగువకు. వేగం తగ్గించేటప్పుడు మెల్లగా తగ్గించమనండి. అరగంట తిరిగాక ఆపి, మూత తీసి ఎల్బోలు, పైపులు, అడుగున నీళ్లు, డిప్‌స్టిక్ చూసి, మళ్లీ బయలుదేరాలి. ఆ బోటులో బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి, మెరైన్ వాడకానికి తయారుచేసినది, వెనక సీటు పక్కన పెట్టించండి. గాలి వెనక నుంచి వీచినప్పుడు, బోటు చాలా స్లోగా పోతున్నప్పుడు ఎగ్జాస్ట్ బాగున్నా కూడా పొగ సీట్ల మీదికి తిరిగి వస్తుంది. అందుకని ఇంజిన్ నడుస్తుంటే పిల్లలు వెనక మెట్టు మీద కూర్చోవడం, అక్కడ కాళ్లు నీళ్లలో పెట్టడం ఎప్పుడూ వద్దు. చిన్నవాణ్ని ముందు సీట్లో కూర్చోబెట్టండి.